కాంపాక్ట్ కెమెరాలో ఎం మోడ్‌తో నిజంగా పని ఉందా? (రామప్ప ఫోటోలు, రాబోయే బతుకమ్మ)

పాలంపేట_బాట:
అందరికీ నమస్కారం. పాత సోనీ ఆర్ఎక్స్100 ఒకటి చేతికి వచ్చింది. 2012లో విడుదలైన మొదటి మోడల్. డయల్ మీద ఆటో, పి (అపర్చర్, షట్టర్ రెండూ కెమెరాయే చూసుకుంటుంది), ఏ (అపర్చర్ అంటే లెన్సు రంధ్రం మన చేతిలో), ఎస్ (షట్టర్ అంటే వెలుగు పడే సమయం మన చేతిలో), ఎం (రెండూ మన చేతిలో) అన్నీ ఉన్నాయి. మొన్న ఆదివారం రామప్ప గుడికి తీసుకెళ్లి మొత్తం ఆటోలోనే తీశాను. రెండు రకాల ఇబ్బంది వచ్చింది. చూరు కింద ఉన్న మదనికలు (స్త్రీ శిల్పాలు) ఆకాశం ముందు కారునలుపుగా పడ్డాయి. ముక్కూ మొహమూ తెలియడం లేదు. లోపల రంగమండపంలో నల్లరాతి స్తంభాన్ని దగ్గర నుంచి తీస్తే మాత్రం రాయి నలుపంతా పోయి బూడిద పూసినట్టు వచ్చింది. ఒకే కెమెరా ఒకచోట నలుపు పెంచింది, ఇంకొకచోట నలుపు తీసేసింది. ఎం మోడ్ నేర్చుకుంటే తప్ప ఇది బాగుపడదని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? దసరా ముందు బతుకమ్మ ఆటలు తీయాలని ఉంది కాబట్టి కొంచెం తొందరగానే నేర్చుకోవాలి.

స్టూడియో_మామ:
మీ మిత్రుడు సరిగ్గా చెప్పాడు. ఎం లో పెట్టండి, మళ్లీ డయల్ తిప్పకండి. ఫిల్ము రోజుల్లో వెలుగు కొలిచే మీటరు లేని కెమెరాలతో పెళ్లిళ్లు తీశాం. ఫిల్ము డబ్బాలో వచ్చే కాగితం మీద ఎండకు ఇంత, మబ్బుకు ఇంత, నీడకు ఇంత అని ఉండేది. మాకు అదే గురువు. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుగును పట్టే శక్తి) 125కు అపర్చర్ ఎఫ్16 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 1/125 సెకను. ఇది ఏ దేశంలోనైనా, ఏ కెమెరాకైనా ఒకటే. మీ కెమెరాలో ఎఫ్11 దాటదు కాబట్టి అదే లెక్కను ఎఫ్5.6, 1/1000 సెకనుగా మార్చుకోండి. వరంగల్ కోటలో కీర్తితోరణం ముందు మధ్యాహ్నం నిలబడి ఈ అంకెలు పెట్టి నొక్కండి. ఆ తర్వాత ఆటో ఏమిచ్చిందో పక్కన పెట్టి చూడండి. కళ్లతో వెలుగును కొలవడం రాకపోతే కెమెరా మారినా ఫోటో మారదు.

కాజీపేట_జంక్షన్:
మామగారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. అడిగిన ప్రశ్నకు ఇది జవాబు కాదు. ముందు ఆటో ఎందుకలా చేసిందో తెలియాలి.

మీటరుకు రాయి అని తెలియదు, గుడి అని తెలియదు. ఫ్రేములో ఉన్న వెలుగునంతా కలిపి ఒక నడిమి బూడిద రంగుకు తేవడమే దాని పని. పాత పుస్తకాలలో 18 శాతం బూడిద అంటారే, అదే. నల్లరాతి స్తంభం ఫ్రేమంతా నిండితే ఇక్కడ వెలుగు తక్కువగా ఉందని అనుకుని, ఫోటోకు తీసుకునే వెలుగును, అంటే ఎక్స్‌పోజర్ పెంచుతుంది. రాయి బూడిదవుతుంది. మదనిక వెనుక తెల్లటి ఆకాశం ఉంటే వెలుగు మరీ ఎక్కువైందని తగ్గిస్తుంది. బొమ్మ మసిబారుతుంది. రెండుచోట్లా దాని సూత్రాన్ని అది పాటించింది.

ఇప్పుడు ఎం లో పెట్టారనుకోండి. తెర కింద ప్లస్, మైనస్ కొలత కనిపిస్తుంది. కొత్తవాళ్లంతా ఏం చేస్తారు? అది సున్నాకు వచ్చేదాకా అపర్చర్, షట్టర్ తిప్పుతారు. సున్నాకు తెచ్చారంటే ఆటో ఇచ్చిన ఎక్స్‌పోజరే వచ్చిందని అర్థం. అదే బూడిద స్తంభం, అదే మసిబారిన మదనిక. కాకపోతే ఆటో క్షణంలో చేసిన పనికి మీకు అర నిమిషం పట్టింది.

కావాల్సింది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే మీటరు చెప్పినదానికంటే వెలుగు పెంచడం (ప్లస్), తగ్గించడం (మైనస్). మీ కెమెరా వెనుక చక్రంలో కింది వైపు నొక్కితే వస్తుంది. ప్లస్ 3 నుంచి మైనస్ 3 వరకు, మూడో వంతు మెట్లలో మారుతుంది. పూర్తి ఆటోలో ఇది చేతికి సరిగ్గా అందదు. పి లోకి లేదా ఏ లోకి రండి చాలు.

తంగేడు_పువ్వు:
అవును, నేను నల్లరాతికి ఎప్పుడూ మైనస్ 1 పెట్టి తీస్తాను. రాయి మెరుపు కూడా నిలుస్తుంది. మదనికలకూ అదే పెట్టండి.

కాజీపేట_జంక్షన్:
మదనికలకు మైనస్ పెడితే ఉన్న కాస్త వివరమూ పోతుంది అక్కా. అక్కడ ప్లస్ కావాలి.

తంగేడు_పువ్వు:
నా దగ్గర ఫోటోలు ఉన్నాయి తమ్ముడూ. మైనస్‌లోనే తీశాను, కనుబొమ్మలు కూడా కనిపిస్తున్నాయి.

ములుగు_మాస్టారు:
ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ నిలబడిన చోటు వేరు. మా ఊరికి దగ్గర కాబట్టి పిల్లలను తీసుకుని తరచూ వెళ్తుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

తంగేడు పువ్వు గారు జూమ్ చేసి మదనికను ఫ్రేము నిండా పట్టి ఉంటారు. వెనుక చూరు అడుగు భాగమే ఉంటుంది, ఆకాశం ఉండదు. అప్పుడు ఫ్రేములో మూడు వంతులు నల్లరాయే కాబట్టి మీటరు పెంచేస్తుంది. మైనస్ సరైనదే. పాలంపేట బాట గారు కింద నిలబడి, జూమ్ లేకుండా, బొమ్మతో పాటు ఆకాశాన్ని కూడా పట్టారు. అక్కడ మీటరును నడిపింది ఆకాశం. ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పోవాలి. ఆకాశం తెల్లగా కాలిపోతుంది, పోనివ్వండి. మనం వెళ్లింది 1213 నాటి శిల్పం కోసం.

అంటే వస్తువు రంగు ఒక్కటే చూసి ప్లస్సో మైనస్సో తేల్చలేం. ఫ్రేములో ఏది ఎక్కువ చోటు ఆక్రమించిందో అదీ చూడాలి. ఇంకొక దారి కూడా ఉంది. మీటరింగును, ఒక్క చోటే వెలుగు కొలిచే స్పాట్‌కు మార్చి, బొమ్మ భుజం మీద గురిపెట్టి కొలవండి. అప్పుడు ఆకాశం లెక్కలోకి రాదు. కానీ కొలిచింది నల్లరాతినే కాబట్టి మళ్లీ మైనస్ 1 దగ్గరకు రావాలి. స్పాట్ పెట్టుకుని తర్వాత మరిచిపోతే మిగతా ఫోటోలన్నీ తలోరకంగా వస్తాయి, అది గుర్తుంచుకోండి.

వీటన్నిటికంటే ముందు గడియారం చూసుకోండి. తూర్పు వైపు బొమ్మలకు ఉదయపు ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు ఆకాశానికీ రాతికీ తేడా బాగా తగ్గుతుంది. అప్పుడు ఆటో కూడా మంచి ఫోటోనే ఇస్తుంది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చూరు కింద ఎవరికైనా కష్టమే.

పాలంపేట_బాట:
మాస్టారూ, ఇది అర్థమైంది. నేను వెళ్లింది సరిగ్గా మధ్యాహ్నమే. ఇంకొక సందేహం. వెనుక భాగం మసకగా రావాలంటే అపర్చర్ పెద్దది చేయాలని చదివాను. ఏ మోడ్‌లో ఎఫ్1.8 పెట్టి నంది ముందు చెల్లెలిని నిలబెట్టి తీశాను. వెనుక గుడి దాదాపు స్పష్టంగానే ఉంది. ఎక్కడ లోపం?

కాజీపేట_జంక్షన్:
లోపం ఎక్కడా లేదు, సెన్సార్ (ఫిల్ముకు బదులు వెలుగును పట్టే పలక) చిన్నది. కాంపాక్ట్‌లో ఎం మోడ్ గురించి నేను అంత ఉత్సాహపడకపోవడానికి కారణం కూడా ఇదే.

మీ కెమెరా సెన్సార్ 13.2 × 8.8 మి.మీ. పాత ఫిల్ము ఫ్రేము 36 × 24 మి.మీ. తేడా దాదాపు 2.7 రెట్లు. వెలుగు విషయంలో మీ ఎఫ్1.8 నిజంగా ఎఫ్1.8 లాగానే పనిచేస్తుంది, షట్టర్ వేగం తగ్గదు. నేపథ్యం మసక విషయంలో మాత్రం అది ఫిల్ము కెమెరాలో సుమారు ఎఫ్4.9 ఇచ్చినంతే ఇస్తుంది. పైగా ఎఫ్1.8 ఉండేది జూమ్ లేనప్పుడు మాత్రమే. ఫిల్ము కెమెరా లెక్కలో 28 మి.మీ. లెన్సుకు సమానమైన చోటు నుంచి 100 మి.మీ.కు జూమ్ చేసేసరికి అది ఎఫ్4.9 అవుతుంది. అంటే లోపలికి వచ్చే వెలుగు ఏడు రెట్లకు పైగా తగ్గిపోతుంది.

అవతలి కొసన ఇంకొక చిక్కు. ఎఫ్11 పెడితే అంతా స్పష్టంగా వస్తుందని అనుకుంటారు. ఇంత చిన్న సెన్సార్ మీద రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర వంగి చెదిరి, ఫోటో మొత్తం పదును తగ్గి మెత్తబడుతుంది. ఎఫ్5.6 దాటకుండా ఉండడం మేలు. ఇక మీకు మిగిలింది ఎఫ్1.8 నుంచి ఎఫ్5.6 వరకు ఉన్న కొంచెం చోటు. దానికోసం పూర్తి మాన్యువల్ ఎందుకు? ఏ లో ఎఫ్4 పెట్టి, వెలుగు తగ్గితే ఎఫ్1.8కు తెచ్చుకుంటే సరిపోతుంది.

మసక కావాలంటే చెల్లెలిని నందికి దూరంగా నిలబెట్టండి, మీరు ఆమెకు దగ్గరగా రండి. దూరాలు చేసే పని ఇక్కడ అపర్చర్ చేయలేదు.

పాకాల_గాలి:
మధ్యలో వచ్చి అడుగుతున్నాను. ఇంట్లో పాత కెనాన్ ఏ570 ఐఎస్ ఉంది, 2007 నాటిది. దాంట్లో కూడా ఎం ఉంది. పనికొస్తుందా?

కాజీపేట_జంక్షన్:
పగటిపూట చక్కగా పనికొస్తుంది. దాని సెన్సార్ ఇంకా చిన్నది, తేడా సుమారు ఆరు రెట్లు. దాని ఎఫ్2.6 నేపథ్యం లెక్కలో ఫిల్ముపై దాదాపు ఎఫ్16 కిందికి వస్తుంది. కాబట్టి దాంట్లో అపర్చర్‌తో మసక సంగతి మరిచిపోండి. షట్టర్, ఐఎస్ఓ, ఫ్లాష్ మీద అదుపు కోసం ఎం వాడుకోవచ్చు. ఇదే కాస్త నయం. అసలు చవక కాంపాక్ట్‌లు కొన్నింటిలో తెరుచుకుని మూసుకునే రెక్కలే ఉండవు. ఎండ ఎక్కువైతే లెన్సు దారిలోకి ఒక మసక గాజు అడ్డం వస్తుంది, అంతే. తెర మీద ఎఫ్8 అని చూపించినా రంధ్రం మారదు.

ఇంకొక సంగతి. పాత కెనాన్ పవర్‌షాట్‌లకు సీహెచ్‌డీకే అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మెమరీ కార్డులో వేసుకుంటే నడుస్తుంది, కెమెరా అసలు సాఫ్ట్‌వేర్‌ను మార్చదు. దానితో మీ దాంట్లో రా ఫైళ్లు (కెమెరా దిద్దని అసలు ఫోటో సమాచారం), ప్రత్యక్ష హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) వస్తాయి.

స్టూడియో_మామ:
సెన్సార్ లెక్కలు బాగున్నాయి. కానీ మీరంతా మీటరు పక్కనే కూర్చున్నారు. మీటరు నడిమి బూడిదకు తెస్తుందని మీరే చెప్పారు, దానికి ప్లస్ మైనస్ మందు కూడా రాశారు. మరి ఫ్రేము ఫ్రేముకూ ఆ మందు మారుతుంటే? బతుకమ్మ ఆటలో ఒక క్షణం తెల్లచీర, మరుక్షణం ముదురు ఆకుపచ్చ చీర కెమెరా ముందుకు వస్తాయి. మైదానంలో దీపాలు మారవు, వాటి వెలుగు మారదు. చీర మారినప్పుడల్లా మీ ఏ మోడ్ ఎక్స్‌పోజర్‌ను ఎక్కించి దించుతుంది. అదే మనిషి మొహం ఒక ఫోటోలో తెల్లగా, ఇంకొక ఫోటోలో చామనఛాయగా వస్తుంది. ఆల్బమ్ చేయబోతే తెలుస్తుంది అసలు బాధ. అక్కడ ఎం లో ఒక్కసారి సరిచేసి పెట్టుకుంటే రాత్రంతా ఒకటే వరస.

కాజీపేట_జంక్షన్:
ఇది ఒప్పుకోవలసిందే. వెలుగు స్థిరంగా ఉండి, వస్తువులు మారుతున్నప్పుడు ఎం కు తిరుగులేదు. వెలుగే మారుతున్నప్పుడు, అంటే మబ్బులు వచ్చిపోతున్నప్పుడో, గుడిలోంచి బయటకు నడుస్తున్నప్పుడో, ఎం పెట్టుకుంటే సగం ఫోటోలు పోతాయి.

తంగేడు_పువ్వు:
బతుకమ్మ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ నేను చెప్పాలి. హనుమకొండలో వేయిస్తంభాల గుడి ఆవరణలో ఎంగిలిపూల రోజు నుంచే జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ నాకు తెలిసిన చిక్కులు ఇవి.

పూల సంగతి ముందు. తంగేడు, బంతి. ఈ పసుపు, నారింజ రంగులలో ఎరుపు పాలు చాలా ఎక్కువ. మామూలు హిస్టోగ్రామ్ అంతా బాగుందని చూపిస్తుంది, కానీ ఎరుపు పాలు అప్పటికే నిండిపోయి ఉంటుంది. పువ్వు రేకులు కలిసిపోయి పసుపు ముద్దగా పడతాయి. తర్వాత కంప్యూటర్‌లో ఎంత లాగినా రేకులు తిరిగి రావు. బతుకమ్మను దగ్గరగా తీసేటప్పుడు మైనస్ 0.3 నుంచి మైనస్ 0.7 పెట్టండి. కెమెరాలో వివిడ్ రంగు ఎంపిక ఉంటే తీసేయండి. గునుగు పూలు రంగు అద్దకుండా తెల్లగా ఉంటే అవే మంచి గుర్తు, వాటిలో గీతలు కనిపిస్తున్నాయంటే ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టే.

తర్వాత దీపాలు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. దాని మీద నడిచే చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/250 సెకను పెట్టి వరుసగా తీస్తే ఒకటి వెలుగుగా, ఒకటి చీకటిగా వస్తుంది. 1/100 పెడితే ప్రతి ఫోటోలోనూ మినుకు మొత్తం పడుతుంది, తేడా ఉండదు. ఆ వేగానికి చప్పట్లు కొట్టే చేతులు కొంచెం చెదురుతాయి. నాకైతే ఆ చెదరడమే ఇష్టం. ఆట ఆడుతున్నట్టు ఉంటుంది, బొమ్మల కొలువులా ఉండదు.

జూమ్ వాడకండి. పైన తమ్ముడు చెప్పినట్టు వెలుగు ఏడో వంతుకు పడిపోతుంది. ఎఫ్1.8 మీద ఉండి, దగ్గరకు నడిచి, ఆడేవాళ్లను అడిగి తీయండి. అడిగితే ఎవరూ కాదనరు, దొంగచాటుగా దూరం నుంచి జూమ్ చేస్తేనే కోప్పడతారు. ఐఎస్ఓ 1600 వరకు మీ కెమెరా బాగానే ఉంటుంది, 3200 అవసరానికి.

ఫ్లాష్ మాత్రం కట్టేయండి. ఆటోలో వదిలేస్తే ముందు వరుసలోని ఇద్దరి మొహాలు తెల్లబడి వెనుక వలయమంతా చీకటైపోతుంది.

పాలంపేట_బాట:
అక్కా, ఇవన్నీ రాసుకున్నాను. వైట్ బ్యాలెన్స్ (దీపాల రంగు ఫోటోలో పడకుండా సరిచేసే ఎంపిక) ఆటోలో ఉంచవచ్చా?

తంగేడు_పువ్వు:
రా లో తీస్తే ఆటోలో ఉంచు, తర్వాత ఇంట్లో మార్చుకోవచ్చు. జేపెగ్ మాత్రమే తీస్తే ఆ దీపాల కింద ఒక తెల్లకాగితం పెట్టి కస్టమ్ సెట్ చేసుకో. ఫ్రేము నిండా బంతిపూలు ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును దీపం రంగు అనుకుని తగ్గించేస్తుంది.

ములుగు_మాస్టారు:
ఎవరూ ఫోకస్ గురించి మాట్లాడలేదు. నా దృష్టిలో కాంపాక్ట్‌లో చేతితో నడపవలసిన మొదటి అదుపు అదే. ఎక్స్‌పోజర్ కొంచెం తప్పినా దిద్దుకోవచ్చు, ఫోకస్ తప్పితే దిద్దలేం.

మేడారం జాతరలో రాత్రిపూట దుమ్ము, జనం, దివిటీలు. ఆటోఫోకస్ వెతుక్కుంటూ లెన్సును ముందుకూ వెనక్కూ జరుపుతుంటుంది, ఈలోగా ఆ క్షణం పోతుంది. మీ ఆర్ఎక్స్100లో జూమ్ లేనప్పుడు లెన్సు నిజమైన పొడవు 10.4 మి.మీ. ఎఫ్4 పెట్టి, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, రెండున్నర మీటర్ల దగ్గర ఉంచండి. సుమారు మీటరుంపావు నుంచి దిగంతం వరకు చాలినంత స్పష్టంగా వస్తుంది. ఇక నొక్కడమే పని. చిన్న సెన్సార్ మసక ఇవ్వదని ఇందాక బాధపడ్డారు కదా, ఇక్కడ అదే లాభం. పెద్ద కెమెరావాళ్లు ఇంత లోతు కోసం అపర్చర్ బాగా మూసుకోవాలి, ఆ చీకట్లో వాళ్లకు అది వీలుకాదు.

దుమ్ము విషయం కూడా. కాంపాక్ట్ లెన్సు ఆన్ చేసినప్పుడల్లా బయటకు వచ్చి, ఆపినప్పుడు లోపలికి పోతుంది. పోతూ దుమ్మును వెంట తీసుకెళ్తుంది. జంపన్నవాగు ఒడ్డున మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేయకండి. అలాగే గద్దెల దగ్గర పూజారులు వద్దన్నచోట కెమెరా దించేయండి.

బొగత_తుంపర:
జలపాతం పాలధారలా రావాలంటే ఏం చేయాలి? ఎస్ మోడ్‌లో 1 సెకను పెడితే అంతా తెల్లకాగితం అయింది.

కాజీపేట_జంక్షన్:
పగటి వెలుగులో అది రాదు. అపర్చర్ మూయగలిగినంత మూసినా ఇంకా వెలుగు మిగులుతుంది. అప్పుడు ఎఫ్ అంకె తెర మీద మినుకుమంటూ హెచ్చరిస్తుంది, చాలామంది పట్టించుకోరు. లెన్సు ముందు వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉండాలి. 2016 నాటి కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2 లాంటి వాటిలో మూడు స్టాప్‌ల (వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే) ఫిల్టర్ లోపలే ఉంటుంది. మొదటి ఆర్ఎక్స్100లో లేదు. దానితోనైతే దట్టమైన మబ్బున్న సాయంత్రం వెళ్లి, ఐఎస్ఓ 80, ఎఫ్11, సుమారు 1/8 సెకను. ఎఫ్11 మెత్తబడుతుందని పైన నేనే రాశాను, నీటికి అది పెద్దగా తెలియదు. కెమెరాను గట్టి రాయి మీద పెట్టి రెండు సెకన్ల టైమర్ వాడండి. వానాకాలంలో తడి బండల మీదికి మాత్రం దిగకండి.

స్టూడియో_మామ:
దసరా రాత్రి ఉర్సు రంగలీల మైదానంలో బాణసంచా తీసేవాళ్లకు కూడా ఎం ఒక్కటే దారి. ఐఎస్ఓ 125, ఎఫ్5.6, మూడు సెకన్లు, ఫోకస్ చేతితో దూరానికి. ఆటో ఆ నల్ల ఆకాశాన్ని చూసి ఏం చేస్తుందో ఇప్పటికి అందరికీ తెలిసిపోయి ఉంటుంది.

పాలంపేట_బాట:
ఈ ఆదివారం పొద్దున్నే మళ్లీ రామప్పకు వెళ్లి వచ్చాను. ఏ మోడ్, ఎఫ్4, ఐఎస్ఓ ఆటో. లోపలి స్తంభానికి మైనస్ 1 పెడితే రాయి రాయిలాగే వచ్చింది, చెక్కడంలోని సన్నటి గీతలూ తెలుస్తున్నాయి. తూర్పు మదనికలకు ప్లస్ 0.7 సరిపోయింది. దక్షిణం వైపు వాటికి ప్లస్ 1.3. మండపంలోని చీకటి మూలల కోసం ట్రైపాడ్ తీసుకెళ్దామా అని ఆలోచిస్తున్నాను.

బతుకమ్మకు ఎం లో 1/100, ఎఫ్1.8, ఐఎస్ఓ 1600 పెట్టి, డయల్ మీది ఎంఆర్ (మన అమరికలను గుర్తుంచుకునే చోటు) లో దాచుకున్నాను. మామగారి మాట, తంగేడు అక్క అంకెలు. పగలు మాత్రం ఏ లోనే ఉంటాను.

ములుగు_మాస్టారు:
ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ ముందస్తు అనుమతి కావాలి, ఊరికే తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. స్తంభానికి ఆనించి పట్టుకోవడం కూడా వద్దు, చెక్కడం అరుగుతుంది. మెడపట్టీని బిగువుగా ముందుకు లాగి పట్టుకుంటే జూమ్ లేకుండా 1/15 సెకను దాకా చేతితోనే నిలుస్తుంది.

స్టూడియో_మామ:
పగలు కూడా ఒక్క రోజు ఎం లో తిరిగి చూడు బాబూ. తర్వాత ఏ లోకి పోయినా నేనేమీ అనను.

పాకాల_గాలి:
నా ఏ570 బయటకు తీశాను, పనిచేస్తోంది. కొత్త పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే కాసేపటికే బ్యాటరీ అయిపోయిందని చూపిస్తోంది. కెమెరా పాడైందా?

కాజీపేట_జంక్షన్:
కెమెరా బాగానే ఉంది. గడియారాలకు, రిమోట్లకు వేసే సెల్స్ వేసి ఉంటారు. లెన్సు తెరుచుకోవడానికి, ఫ్లాష్ నింపుకోవడానికి కావాల్సినంత కరెంటు అవి ఇవ్వలేవు. మళ్లీ చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు కొనండి. రెండు కెమెరాలో, రెండు జేబులో.